శుక్రవారం దాకా ఆగమంది

గోవిందరాజులు మంగళవారం పొద్దున గుడివాడ వెళ్ళాలి. కంటి ఆపరేషన్. సోమవారం సాయంత్రం తన అద్దకం కొట్టంలో అచ్చుల చప్పుడు ఆపించి అందర్నీ ఒకచోటికి రమ్మన్నాడు. పదకొండు మంది చేతులు పీలికగుడ్డకి తుడుచుకుంటూ వచ్చి బల్లల మధ్య నిలబడ్డారు.

"శనివారానికి వస్తాను. అందాకా దుర్గమ్మ మాటే నా మాట. ఏదన్నా దుర్గమ్మనే అడగండి," అన్నాడు.

లక్ష్మీదుర్గ బల్ల చివర నిలబడి ఉంది. పెడనలో ఈ కొట్టానికి వచ్చి ఆమెకి ఇరవై రెండేళ్ళు. కరక్కాయ నీళ్ళలో గుడ్డ నానేసేదగ్గర్నుంచి ఎర్ర కాగులో ఉడికించి తీసేదాకా ఆమె చెయ్యి పడని పని లేదు. అయినా ఇంతమందిలో ఈ మాట అనడం ఇదే మొదలు. తల కొంచెం ఊపి కొంగు సర్దుకుంది. మొహం విచ్చుకున్న సంగతి మాత్రం అందరికీ కనపడింది.

కాలవలో గుడ్డ ఉతికే ఎలీషా నవ్వాడు. "బాబుగారు ఆపరేషన్ బల్ల మీంచి కూడా ఫోన్ చేస్తారు. చూస్తూ ఉండండి."

అందరూ నవ్వారు. గోవిందరాజులు కూడా నవ్వాడు.

ఆ తర్వాత ఒక్కొక్కరి దగ్గరికీ తనే వెళ్ళాడు. అచ్చులు వేసే సుబ్బారావుతో, అంచు అచ్చు మీద అరచెయ్యి గట్టిగా వెయ్యమని చెప్పాడు. కాగు కింద మంట పెట్టే ఆవిడతో, పచ్చి సరుగుడు పెట్టొద్దని చెప్పాడు. నల్లరంగుకి ఇనప ముక్కలూ బెల్లమూ పులియబెట్టిన కుండ మూత తీసి వాసన చూసి, మళ్ళీ మూతపెట్టి, పైన రాయి తనే పెట్టాడు. చివర్న ఎలీషాని పక్కకి పిలిచి, అనుమానం వస్తే వెంటనే తనకి ఫోన్ చెయ్యమన్నాడు. దుర్గ రెండు బారల దూరంలో గుడ్డ మడత పెడుతోంది. ఆమెకి వినపడింది. వినపడనట్టే మడత పూర్తి చేసింది.

దండేల మీద ఇరవై తానులు వేలాడుతున్నాయి. పూలకీ తీగలకీ పటిక బంక అద్ది ఆరేశారు. ఆ దశలో పువ్వు ఉన్నట్టు కూడా సరిగ్గా తెలీదు. పటిక గుడ్డని పట్టుకోవాలి. పట్టాక కాలవలో ఉతికి కాగులో వేస్తే అప్పుడు ఎరుపు పుడుతుంది. పట్టకముందే ఉతికితే పటిక నీళ్ళపాలు, పువ్వు పాలిపోతుంది. ఎండ కాస్తే మూడు రోజులు చాలు. ఆ సోమవారం మబ్బు పట్టి ఉంది.

"గురువారం కాలవలో దింపుదామా?" అన్నాడు గోవిందరాజులు.

దుర్గ ఒక తాను అంచు రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది. "ఈ మబ్బుకి శుక్రవారం దాకా ఆగాలండి బాబాయిగారూ."

"నీ ఇష్టం," అన్నాడు. అప్పుడు నిజంగానే అన్నాడు.

ఏడాదిగా ఆయన కంటికి ఎరుపు సరిగ్గా ఆనడం లేదు. ఎర్రదీ ఇటిక రంగుదీ ఒకలాగే ఉంటోంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కాగులోంచి గుడ్డ కొస పైకి లేపినప్పుడు, పరీక్ష పెట్టినట్టు మొహం పెట్టి, "ఎలా ఉందో నువ్వు చెప్పు," అనేవాడు. దుర్గ చెప్పేది. తను తల ఊపేవాడు. ఇద్దరూ ఎప్పుడూ దాని గురించి మాట్లాడుకోలేదు.

*

ఆపరేషన్ బుధవారం పొద్దున అయింది. పావుగంట కూడా పట్టలేదు. పొగా దుమ్మూ తగలకూడదన్నారు గనక శనివారం దాకా గుడివాడలోనే మరదలి ఇంట్లో ఉండిపోయారు. భార్య సీతారావమ్మ పక్కన కూర్చుని వేళకి చుక్కలు వేస్తోంది. ఫోన్ ఆవిడ ఒళ్ళోనే పెట్టుకుంది.

పడుకుంటే గోవిందరాజులుకి కాళ్ళు ఊరుకోవు. ఇప్పుడు కాగు వెలిగించి ఉంటారు, ఇప్పుడు బల్ల మీద గోనె మార్చి ఉంటారు అనుకుంటూ పక్క మీద దొర్లాడు. మూడింటికి ఫోన్ మోగింది. సీతారావమ్మ పేరు చూసి, ఇద్దామా వద్దా అని ఒక క్షణం ఆగి ఇచ్చింది.

ఎలీషా. కాలవకి నీళ్ళ వంతు శనివారం దాకా ఉందనుకున్నాం గదా, రేపు రాత్రికే లాకులు దింపి నీళ్ళు ఆపేస్తారని కాలవ కాపలా లస్కరు ఎవరితోనో అన్నాడట. దుర్గక్కతో చెప్పాడు. అక్క గుడ్డ పట్టుకు చూసి, శుక్రవారంలోపు తడి తగలనివ్వనంది. కాలవ కట్టేస్తే వచ్చే వంతు దాకా ఆగుదామంది. బందరు వ్యాపారి పాండురంగ గారేమో సరుక్కి శనివారం వస్తానన్నారు. ఏం చెయ్యమంటారు బాబుగారూ అని అడిగాడు.

గోవిందరాజులు కళ్ళు మూసుకున్నాడు. దండేల మీద తానులు కనపడ్డాయి. వేళ్ళతో నలిపినట్టు, పొడిపొడిగా తగిలినట్టు అనిపించింది. పెడన మీద మబ్బు విడిచిందో లేదో ఆయన అడగలేదు.

"రేపు తెల్లారేసరికి దింపేయ్."

"అక్క ఒప్పుకోదండీ."

"దుర్గతో నేను మాట్లాడతాలే. నువ్వు దింపు."

ఫోన్ తిరిగి ఇస్తుంటే సీతారావమ్మ మూతి తిప్పింది. "ముక్కూమొహం తెలీని డాక్టరు కత్తి పట్టుకుని కంట్లో పెడితే కిమ్మనలేదు. దుర్గ చేతిలో గుడ్డ పెట్టి మాత్రం నాలుగు రోజులు ఆగలేరు."

దుర్గకి ఫోన్ చెయ్యాలనే అనుకున్నాడు. ముందు చుక్కల వేళయింది. తర్వాత, ఎదురు చెబుతుందేమో, సాయంత్రం నెమ్మదిగా చెబుదాంలే అనుకున్నాడు. సాయంత్రం అయ్యేసరికి ఇంకో ఆలోచన వచ్చింది. నా గుడ్డ ఉతకడానికి నేను ఇంకొకళ్ళని అడగాలా అని. అది మంచి ఆలోచన కాదని వచ్చినప్పుడే తెలిసింది. తెలిసి కూడా పక్కకి తిరిగి పడుకున్నాడు. మర్నాడు పొద్దునకి ఇక ఫోన్ చేసి చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

*

శనివారం మధ్యాహ్నం నల్లద్దాలు పెట్టుకుని కొట్టంలోకి వచ్చేసరికి పాండురంగ అప్పటికే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బందరులో అతనికి దుప్పట్లూ చీరలూ బయట ఊళ్ళకి పంపే వ్యాపారం ఉంది. చుట్టరికం లేకపోయినా మావయ్యగారూ అని పిలుస్తాడు. ఎప్పుడూ ఏదో ఒక హాస్యం ఆడేవాడు ఆవేళ ఆడలేదు. ముందర బల్ల మీద ఒక తాను పరిచి ఉంది.

గోవిందరాజులు అద్దాలు తీశాడు.

ఆ గుడ్డ ఆయనకి చాలా స్పష్టంగా కనపడింది. ఏడాది తర్వాత మొదటిసారి చూసిన ఎరుపు అది. పువ్వు మధ్యలో కాస్త రంగు ఉంది. రేకుల్లో లేదు. తీగలు గులాబీగా వెలిసి, చుట్టూ తెల్లగా ఉండాల్సిన చోటికి మరక పాకింది. ఇరవై తానులూ అంతే.

దుర్గ కాగు దగ్గర నిలబడి ఉంది. కాగులో ఏమీ లేదు. అయినా వెదురుకర్ర చేత్తో పట్టుకునే ఉంది. గురువారం ఆమె పనిలోకి వచ్చేసరికి తానులన్నీ కాలవలో ఉన్నాయని తర్వాత తెలిసింది. చీర కుచ్చిళ్ళు దోపుకుని నీళ్ళలోకి దిగి, తడవని నాలుగైనా మిగులుతాయేమోనని చూసిందట. మిగల్లేదు. కాలవకి మాత్రం శనివారం పొద్దునదాకా నీళ్ళు వచ్చాయి.

"దగ్గరుండి ఎవరు చూశారండీ దీన్ని?" అన్నాడు పాండురంగ.

అక్కడ అందరూ ఉన్నారు. ఎలీషా గుమ్మం దగ్గర గోచీతో నిలబడి ఉన్నాడు.

"దుర్గమ్మకి అప్పగించి వెళ్ళాను," అన్నాడు గోవిందరాజులు.

అది అబద్ధం కాదు. అబద్ధం కాదనే అనుకున్నాడు. అన్నాక ఎలీషా తన వంక చూసి, చూపు దించి, కాలి బొటనవేలితో నేల రాయడం కనపడింది. ఆ కొత్త కంటికి అన్నీ కనపడుతున్నాయి.

పాండురంగ కుర్చీలోంచి లేచి దుర్గ వైపు తిరిగాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. "ఇన్నేళ్ళ పని కదమ్మా. పటిక పట్టిందో లేదో చూసుకోకుండా దింపుతారా? కొత్తగా చేరినవాళ్ళు కూడా చెయ్యరు ఈ పని," అన్నాడు.

గోవిందరాజులు నోరు తెరవాల్సింది అప్పుడు. కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి, మందు వల్ల. రుమాలుతో తుడుచుకుంటున్నాడు. ఆ తుడుచుకోవడం కొంచెం ఎక్కువసేపు తుడుచుకున్నాడు.

"అవునండి," అంది దుర్గ.

కర్ర కాగు అంచుకి ఆనించి, గుడ్డ మడత పెట్టడానికి వచ్చింది. అంచుకి అంచు కలిపి, అరచేత్తో రాసి, మంచి గుడ్డని మడిచినట్టే మడిచింది.

వచ్చే వంతుకి మళ్ళీ అద్ది ఇవ్వడానికి ఒప్పుకుని పాండురంగ వెళ్ళిపోయాడు. సాయంత్రం దాకా కొట్టంలో ఎవరూ హాస్యం ఆడలేదు. దుర్గ వెళ్ళేటప్పుడు రోజూ అన్నట్టే, వస్తానండి బాబాయిగారూ అని చెప్పే వెళ్ళింది.

*

ఆదివారం కొట్టం సెలవు. గోవిందరాజులు ఇంట్లో చెక్కపెట్టె తీసి ముందేసుకున్నాడు. కాగు దింపినప్పుడల్లా జానెడు ముక్క కత్తిరించి, తారీకు రాసి అందులో వెయ్యడం ఆయన అలవాటు. కిటికీ దగ్గర కూర్చుని ఏడాది ముక్కలన్నీ ఒకదాని పక్కన ఒకటి పరిచాడు.

ఎరుపు ఒక్కలాగే ఉంది. ముక్కముక్కకీ తేడా లేదు.

కార్తీకం నాటి ముక్క ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. ఆ రోజు ఆయనకి బాగా గుర్తుంది. దుర్గ తీసేద్దామంటే, తనకి చాలనట్టు అనిపించి, ఇంకో అరగంట ఉంచమన్నాడు. సరేనండి అంది. తను భోజనానికి వెళ్ళాడు. అరగంట ఉంచి ఉంటే ఈ ముక్క నల్లగా కమిలిపోయి ఉండాలి. కమల్లేదు. అలాంటివే ఇంకో రెండు మూడు దొరికాయి. ఎక్కడెక్కడ తను తప్పు చెప్పాడో అక్కడల్లా దుర్గ సరేనండి అని, తనకి సరైందనిపించింది చేసింది. ఏడాదిపాటు ఆయన పేరు నిలబడింది అలాగ.

సీతారావమ్మ మంచినీళ్ళు ఇవ్వడానికి వచ్చి, ముక్కలు చూసి, ఆయన మొహం చూసి, గ్లాసు కింద పెట్టి వెళ్ళింది.

బుధవారం కన్ను చూపించుకోవడానికి గుడివాడ వెళ్ళారు. ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు గదిలో ఓ మూల కూర్చుని ఉన్నాడు. కన్ను చూస్తున్నది మేఘన అనే చిన్న డాక్టరమ్మ. ఆవిడ చుక్కల మందు మార్చి రాసింది. గోవిందరాజులుకి నమ్మకం చాల్లేదు. ఈ మందు వాడొచ్చా అండీ అని పెద్దాయన్ని అడిగాడు. పెద్దాయన కుర్చీలోంచి లేవలేదు. చీటీ వైపు చూడనుకూడా చూడలేదు.

"ఆవిడ చూస్తున్న కన్నండీ అది. ఆవిడనే అడగండి," అన్నాడు.

డాక్టరమ్మ తల ఎత్తలేదు. రాసే చెయ్యి మాత్రం కుదురుగా సాగిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు గుడ్లవల్లేరు దాటి కవుతరం మీదుగా పెడన చేరాక గోవిందరాజులు ఇంటికి వెళ్ళకుండా స్టాండులో దిగి నేరుగా కొట్టానికి నడిచాడు.

అందర్నీ మళ్ళీ పిలిచాడు. "ఆ రోజు గుడ్డ దింపమని ఎలీషాకి చెప్పింది నేను. దుర్గమ్మ వద్దంది. నేను ఆమెకి చెప్పకుండా చేయించాను. పాండురంగ గారు అడిగినప్పుడు చెప్పలేదు," అన్నాడు. చాలామందికి ముందే తెలుసు. అక్కడే పాండురంగకి ఫోన్ చేసి అదే మాట చెప్పాడు. అతను అటునుంచి నవ్వేసి, పోనీలెండి మావయ్యగారూ, ఎవరి చేతిలో పోతేనేం, ఈసారి గుడ్డ బాగుంటే చాలు అన్నాడు. ఆ నవ్వు ఫోన్‌లోంచి చుట్టుపక్కలవాళ్ళకి కూడా వినపడింది.

అందరూ వెళ్ళాక దుర్గ ఉండిపోయింది. కరక్కాయ తొట్టి కడుగుతోంది. గోవిందరాజులు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఇకనుంచి అద్దకం, ఉతుకు, కాగు, అంతా నీదే దుర్గమ్మా. నేను నోరెత్తను. ఎవరికీ ఫోన్ కూడా చెయ్యను."

ఆమె చెంబుతో నీళ్ళు చల్లి, కొబ్బరిపీచుతో తొట్టి అడుగు రుద్దింది. మళ్ళీ నీళ్ళు పోసింది. అప్పుడు లేచి నిలబడింది.

"వద్దండి బాబాయిగారూ."

"కోపమా?"

"కోపం లేదండి. చెప్పింది మీరు, పడింది నేను. ఈ కొట్టంలో వీళ్ళందరూ నన్ను చూసి పనిచేస్తారు. ఆయన అందరి ముందూ అంటుంటే నాకు వాళ్ళ మొహాలు చూడబుద్ధి కాలేదు. ఇంకోసారి పడలేనండి. మిమ్మల్ని అడిగే చేస్తాను. మీరెలా చెబితే అలా."

"ఇదివరకు నేను చెప్పినట్టు చెయ్యకుండా కాపాడావు. చూశాను ముక్కలు."

దుర్గ ఆయన వంక చూసింది. దాచుకున్నది దొరికిపోయినప్పుడు మనిషి చూసే చూపు. తర్వాత చేతులు కొంగుకి తుడుచుకుంది.

"అప్పుడు ధైర్యం ఉండేదండి," అంది.

*

మర్నాటినుంచి ఆమె చెప్పినట్టే చేసింది. ఉదయం రాగానే, కరక్కాయ నీళ్ళు ఎంత చిక్కగా కలపమంటారని అడిగింది. నీకు తెలీదా అమ్మా అన్నాడు. తెలుసండి, మీరు చెప్పండి అంది. ఆయన చెప్పలేదు. ఆమె తొట్టి పక్కన నిలబడింది. చెయ్యి ఖాళీగా వేలాడేసుకుని దుర్గ నిలబడటం ఆ కొట్టంలో ఎవరూ చూసి ఉండరు. కాసేపటికి గోవిందరాజులే చెప్పాడు. ఆమె వెంటనే వంగి కలిపింది.

ఏ దండెం మీద ఆరెయ్యాలో అడిగింది. బంక ఎంత పోయాలో అడిగింది. పనికి ఎక్కడా ఆలస్యం లేదు. విసురూ లేదు. అడగాల్సిన క్షణానికి సరిగ్గా అడిగేది. ఆమె అడిగిందంటే ఆ పనికి వేళయిందని అర్థం. ఆయన ఊ అనడమే. ఒకప్పుడు ఆయనకి కావలసింది ఇదే. తన మాట లేకుండా ఆకు కదలకూడదని ఎన్నిసార్లు అనుకున్నాడో. ఇప్పుడు కదలడం లేదు.

ఆమెని చూసి మిగతావాళ్ళూ అలాగే అయ్యారు. సుబ్బారావు అచ్చు చేత్తో పట్టుకుని వచ్చి, అంచు ఎక్కడ మొదలెట్టమంటారండీ అన్నాడు. గోవిందరాజులు కొట్టం మధ్యలో ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాడు. ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. భోజనానికి లేవడం కూడా కష్టమైంది. సీతారావమ్మ క్యారేజీ పంపడం మొదలుపెట్టింది.

పటిక అద్ది ఆరేసిన మూడో రోజుకి మళ్ళీ మబ్బు పట్టింది. కాలవకి నీళ్ళు వచ్చి అప్పటికి నాలుగు రోజులు. ఇంకెన్నాళ్ళు ఉంటాయో ఎవరూ గట్టిగా చెప్పడం లేదు. మధ్యాహ్నం రెండింటికి ఎలీషా బయటి దండెం మీది తాను ఒకటి తీసి, మూట కట్టి భుజాన వేసుకుని లోపలికి వచ్చాడు. అలవాటు చొప్పున దుర్గ దగ్గరికి వెళ్ళాడు.

"ఇవాళ కాలవలో దింపొచ్చా అక్కా?"

దుర్గ దండెం దగ్గర నిలబడి ఉంది. ఆమె చెయ్యి తాను అంచు మీద ఉంది. రెండు వేళ్ళ మధ్య గుడ్డని నెమ్మదిగా నలుపుతోంది. ఆ వేళ్ళకి తెలుసు. ఆమె మొహం మీద ఏమన్నా కనపడుతుందేమోనని గోవిందరాజులు చూశాడు. కనపడలేదు. ఆమె తల తిప్పి ఆయన వంక చూసింది.

గోవిందరాజులు పీట మీంచి లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆకాశం చూశాడు. కొత్త కంటికి మబ్బు అంచులు కూడా విడివిడిగా కనిపించాయి. వెనక్కి వచ్చి ఆమె పక్కనున్న తాను అంచు పట్టుకుని నలిపాడు. పొడిగానే తగిలింది. గుడివాడలో కళ్ళు మూసుకుని పడుకున్నప్పుడు కూడా ఇలా పొడిగానే తగిలింది.

"నువ్వు చెప్పమ్మా," అన్నాడు. గొంతు తగ్గించి, ఎలీషాకి కూడా వినపడనట్టు అన్నాడు. "నన్ను అడక్కు. నాకు తెలీడం లేదు. నువ్వు చెప్పు."

ఇరవై రెండేళ్ళలో ఆయన నోట ఎప్పుడూ రాని మాట అది. ఆమె విన్నది. వేళ్ళు ఒకసారి ఆగి మళ్ళీ నలిపాయి. పెదవి కదిలినట్టే అనిపించింది.

"మీరు ఎలా అంటే అలాగేనండి," అంది.

బల్లల దగ్గర అచ్చుల చప్పుడు ఒక్కొక్కటిగా ఆగిపోయింది. అందరూ ఇటే చూస్తున్నారు. దుర్గ ఆయన కోసం చూస్తోంది. ఆయన దుర్గ కోసం చూస్తున్నాడు. వాళ్ళిద్దరి మధ్యా ఎలీషా కాసేపు నిలబడి, బరువుకి మూట ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు.